నీళ్ళు లేకుండా నడిచే ఇంజన్

బ్రెక్‌డాల్, అయోవా
మార్చి 9, 1987

ఆర్లిస్ అక్కకు,

ఫోన్ చేస్తే పెట్టేశావు. మళ్ళీ చేస్తే నీ ఇంజన్ల షాపులో పనివాడెవడో ఎత్తి, "ఆవిడ లేరని చెప్పమంటున్నారండీ" అన్నాడు. వాడి వెనక నువ్వు ఎవరినో తిడుతున్న గొంతు నాకు వినబడుతూనే ఉంది. అందుకని రాస్తున్నాను. నాకు ఉత్తరాలు రాయడం ఎంత ఇష్టమో నీకు తెలుసు.

జులైలో మన కౌంటీ సంతలో కార్ల కుమ్ములాటకి దిగుతున్నాను. ఆఖరికి ఒక్క బండి మిగిలేదాకా గుద్దుకునే మన పాత ఆటే. బండి దొరికింది. పాస్టరుగారి పాత స్టేషన్ వ్యాగన్. వెనక భాగం బారుగా ఉంటుంది, వెనక్కి వెళ్ళి గుద్దడానికి అంతకంటే మంచి బండి ఉండదు. బానెట్ ఎత్తి చూస్తే లోపల ఎలకలు కాపురం పెట్టాయి. ఆ ఇంజన్ పనికిరాదు.

నా షెడ్డులో రెండున్నాయి. ఒకటి పశువుల లారీలోంచి తీసిన ఎనిమిది సిలిండర్లది, ఇంకోటి నా పాత పికప్‌లోని ఆరు సిలిండర్లది. నేను ఆరుదే పెడదామనుకుంటున్నాను. దాని సిలిండర్లు తొలిచి నువ్వు బోర్ చెయ్యాలి. లూజుగా చెయ్యాలి. పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నిటికీ మామూలు కంటే ఎక్కువ గ్యాప్ ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు డబడబా కొట్టుకున్నా నాకు పట్టింపు లేదు. రేడియేటర్ పగిలి నీళ్ళన్నీ మట్టిలో కలిసినా ఇంజన్ మాత్రం ఆగకూడదు. అదొక్కటే నాకు కావలసింది.

నీకంటే బాగా చేసేవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడున్నా నీకు రాసేవాణ్ణి కాదు. ఇది పొగడ్త అనుకోకు.

డెల్మార్

---

కెల్సో ఫోర్క్, నెబ్రాస్కా
మార్చి 17

డెల్మార్‌కి,

అవును, షాపులోనే ఉన్నాను. నీతో మాట్లాడటం ఇష్టం లేక లేనని చెప్పించాను. అది అర్థం చేసుకోవడానికి నీకు రెండు ఫోన్లు పట్టాయి.

పదకొండేళ్ళ కిందట అమ్మవాళ్ళ వంటింట్లో కూర్చుని, ఆఖరికి మనమిద్దరమే మిగిలేదాకా ఒకరి బండి ఒకరం ముట్టుకోవద్దని మాట ఇచ్చింది ఎవరు? ఇంకా నాలుగు బండ్లు మైదానంలో తిరుగుతుండగా వెనక్కి వచ్చి నా రేడియేటర్ పగలగొట్టింది ఎవరు? నేను ఆవిరిలో కూర్చుని దగ్గుతుంటే గ్యాలరీలో జనం నవ్వారు. వాళ్ళతోపాటు నువ్వూ నవ్వావు. ఆ తర్వాత నేను స్టీరింగ్ పట్టలేదు. ఇప్పుడొచ్చి నాకు ఇంజన్ చేసిపెట్టు అంటావు. నీ మొహానికి సిగ్గు లేదని చిన్నప్పుడే అమ్మ అనేది.

ఇంకోటి. ఆరు సిలిండర్ల ఇంజన్‌తో కుమ్ములాటకి దిగుతావా? అది ముసలమ్మలు ఆదివారం చర్చికి వెళ్ళే ఇంజన్. వచ్చి గుద్దితే కోడి కూడా లేవదు. నీకు యాభై రెండేళ్ళు. పాతికేళ్ళ కుర్రాళ్ళు ఎనిమిది సిలిండర్లు వేసుకుని వస్తారు. గెలవాలంటే బలం కావాలి. బలమున్న ఇంజన్ నాలుగు నిమిషాలు నడిచినా చాలు, ఆ నాలుగు నిమిషాల్లో అందరినీ పడగొట్టెయ్యాలి. నీకు ఈ పని ఎప్పుడూ అర్థం కాలేదు. బండిని ప్రాణంతో ఉంచుకోవడమే గెలవడం అనుకుంటావు.

ఎలాగూ నేను చెయ్యను కాబట్టి ఈ సలహా ఊరికే ఇస్తున్నాను.

ఆర్లిస్

---

బ్రెక్‌డాల్, అయోవా
ఏప్రిల్ 2

అక్కకు,

ఉత్తరం అందింది. కొరీన్ చదివి, "మీ అక్కగారు బాగానే ఉన్నట్టున్నారు" అంది.

నీ రేడియేటర్ గుద్దాను. నిజమే. ఎందుకు గుద్దానంటే ముందు భాగం నాకు చూపిస్తూ నిలబడ్డావు. ఎదురుగా రేడియేటర్ కనబడితే గుద్దకుండా పక్కకి తప్పుకోవడానికి అది చర్చి వాకిలి కాదు. నువ్వు బండి తిప్పుకోవలసింది. నీది ఎనిమిది సిలిండర్లు కదా, అంత బలముంది కదా, తిప్పుకోలేకపోయావేం? ఆ ఇంజన్ నేను గుద్దకముందే పొగలు కక్కుతోంది. మాట తప్పాను, ఒప్పుకుంటాను. కానీ నువ్వు పదకొండేళ్ళు మొహం మాడ్చుకుని కూర్చోవలసినంత పని కాదది. నాన్న పోయినప్పుడు వచ్చి శవపేటికకి అవతల వైపు నిలబడి వెళ్ళిపోయావు. అది నేను మర్చిపోలేదు.

ఇక ఇంజన్ సంగతి. నేను బలం అడగలేదు. గెలుపు గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆగని ఇంజన్ అడిగాను. రాసింది మళ్ళీ చదువు.

మా పక్క పొలం నేల్స్ బ్యాకెన్ వచ్చే వారం పశువుల్ని వేసుకుని ఒమాహా వస్తున్నాడు. ఆరు సిలిండర్ల ఇంజన్ వాడి లారీలో వేసి పంపుతున్నాను. నీ షాపు ముందు దించేస్తాడు. చెయ్యకపోతే అక్కడే తుప్పు పట్టనీ.

డెల్మార్

---

బ్రెక్‌డాల్, అయోవా
ఏప్రిల్ 6

వదినా,

ఈ ఉత్తరం రాసినట్టు ఆయనకి తెలియదు. తెలియనివ్వకు.

ఫిబ్రవరిలో ఆయన్ని బలవంతంగా డెమాయిన్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. మెడ ఎక్స్‌రే ఫోటోలు తీశారు. ఇన్నేళ్ళు కార్లలో తిన్న గుద్దులకి మెడ ఎముకలు అరిగిపోయి, నరాన్ని నొక్కుతున్నాయట. డాక్టరు నన్ను కూడా లోపలికి పిలిచి చెప్పాడు. "ఇంకొక్క గట్టి కుదుపు తగిలితే చేతులు పోవచ్చు, అదృష్టం బాగోలేకపోతే కాళ్ళు కూడా" అన్నాడు. ఈయన ఆ ఫోటోలు తెచ్చి ఫ్రీజరు వెనక పడేశారు. పొద్దున్నే కాఫీ కప్పు చేతిలోంచి జారిపోతుంది. "ఈ కప్పు నున్నగా ఉందే, మంచి కప్పులు కొనవు" అని నన్ను కేకలేస్తారు. పాలక్యాను ఎత్తలేక నేల్స్‌ని పిలుస్తున్నారు.

వద్దని ఏడ్చాను, అరిచాను, పాస్టరుగారి చేత చెప్పించాను. "జులైలో దిగుతాను, ఆ తర్వాత నీ ఇష్టం" అంటారు. ఆ తర్వాత నేను ఆయన నోట్లో స్పూనుతో అన్నం పెట్టాలా వదినా?

నువ్వు వద్దని చెబితే పంతానికి పోయి ఇంకా గట్టిగా దిగుతారు. నువ్వు ఇంజన్ చెయ్యకపోతే ఇంకొకరి చేత చేయించుకుంటారు. అందుకని కాదనకు. ఏం చెయ్యాలో నాకు తెలియదు, ఇంజన్ల గురించి నాకేం తెలుసు. ఏదో ఒకటి నువ్వే చెయ్యి.

కొరీన్

---

కెల్సో ఫోర్క్, నెబ్రాస్కా
ఏప్రిల్ 13

కొరీన్‌కి,

ఇంజన్ దిగింది. నేల్స్ కాఫీ తాగి వెళ్ళాడు. వాడు కూడా నీ మొగుడి చెయ్యి వణుకుతోందని చెప్పాడు, నేను అడగకుండానే.

ఆ గాడిదకి తగిన ఇంజన్ చేస్తాను. నీకు అర్థమయ్యేట్టు చెబుతాను విను. ఇనుము వేడెక్కితే ఉబ్బుతుంది. అందుకే కుమ్ములాట ఇంజన్‌కి లోపల ఖాళీ ఎక్కువ వదులుతారు, ఉబ్బడానికి చోటుండాలని. వాడు అడిగింది అదే. నేను ఆ ఖాళీ ఉంచను. కొత్త కారులో కంటే బిగువుగా బిగిస్తాను. స్టార్ట్ చేసినప్పుడు ముచ్చటగా నడుస్తుంది. రేడియేటర్ పగిలి నీళ్ళు పోయాక పిస్టన్లు ఉబ్బి గోడల్ని పట్టేస్తాయి, ఇంజన్ సీజ్ అవుతుంది. కాసేపటికే అంతా అయిపోతుంది.

బండి ఆగాక వాడేం చేస్తాడు? కిటికీ పక్కన కట్టిన చెక్కపుల్ల విరిచేస్తాడు. పుల్ల విరిచినవాణ్ణి ఎవరూ గుద్దకూడదు. విరవకపోయినా ఆగిపోయిన బండికి జెండా ఊపి పోటీలోంచి తప్పిస్తారు. తిట్టుకుంటూ ఇంటికొస్తాడు. ఆగని ఇంజన్ కావాలట వాడికి. ఆఖరిదాకా ఉండి అందరి గుద్దులూ మెడ మీద వేయించుకోవాలని వాడి ఆశ. అది జరగనివ్వను.

నలభై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. కావాలని చెడగొట్టిన ఇంజన్ ఒక్కటీ నా షాపు గడప దాటలేదు. ఇదే మొదటిది. నీ కోసం కాదు, ఆ మొండివాడి కోసమే చేస్తున్నాను. ఈ మాట వాడికి ఎప్పుడూ చెప్పకు.

ఆర్లిస్

---

కెల్సో ఫోర్క్, నెబ్రాస్కా
మే 4

డెల్మార్‌కి,

నీ ఇంజన్ నా షాపు వాకిట్లో అడ్డంగా పడి ఉంది. వచ్చేపోయేవాళ్ళు తట్టుకుని పడుతున్నారు. దాన్ని వదిలించుకోవడానికైనా చేసి పంపక తప్పదు.

ఆరు సిలిండర్లే. నీ ఖర్మ. బోర్ చేశాను, పిస్టన్లు కొత్తవి వేశాను. కంప్రెషన్ తగ్గించాను. చిక్కటి ఆయిల్ పొయ్యి, పల్చటిది పోసి నన్ను తిట్టకు. డిస్ట్రిబ్యూటర్ చుట్టూ రేకు కొట్టుకో, అది పగిలితే నేనేం చెయ్యలేను. ఇంజన్ ఫ్రేముకి గొలుసుతో కట్టు. బెల్టు సరిగా పెట్టుకో, మెడకి వేసుకునే కాలరు ఒకటి దొరుకుతుంది, అదీ వేసుకో. ముసలాడివి.

శవపేటిక దగ్గర అవతల వైపు నిలబడ్డానని రాశావు. ఇవతల వైపు నువ్వున్నావు కాబట్టి నిలబడ్డాను.

నేల్స్ వచ్చినప్పుడు పట్టుకెళ్ళమను.

ఆర్లిస్

---

బ్రెక్‌డాల్, అయోవా
జూన్ 15

అక్కకు,

ఇంజన్ బిగించాను. నిన్న సాయంత్రం స్టార్ట్ చేశాం. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. నేల్స్ బానెట్ మీద చెవి పెట్టి విన్నాడు. "ఏంట్రా ఇది, కుట్టుమిషన్‌లా ఉంది? దీన్ని కుమ్ములాటకి తీసుకెళ్తావా, పెళ్ళికి తీసుకెళ్తావా?" అన్నాడు. పక్క పొలాల వాళ్ళు కూడా వచ్చి చూసి మెచ్చుకుని వెళ్ళారు.

నాకు నచ్చలేదు. లూజుగా చేసిన ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇలా నడవదు. డబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టుండాలి. నాన్న చేసినవన్నీ అలాగే ఉండేవి. ఇది పిల్లిలా గుర్రుమంటోంది. నేను అడిగినట్టు గ్యాప్ వదిలావా లేదా? అవునో కాదో ఒక్క మాట రాయి. నీ వెటకారాలు తర్వాత.

మెడకి కాలరు సంగతి ఎందుకు రాశావు? నువ్వు ఎప్పుడూ కాలరు వేసుకోలేదు.

డెల్మార్

---

కెల్సో ఫోర్క్, నెబ్రాస్కా
జూన్ 20

డెల్మార్‌కి,

అవును, వదిలాను. రింగులు కొత్తవి, ఆయిల్ చిక్కటిది, అందుకే చప్పుడు లేదు. ముసలివాళ్ళకి చెవులు కూడా తగ్గుతాయి.

నా కొలత మీద అనుమానం ఉంటే విప్పి చూసుకో. నీ దగ్గర మైక్రోమీటర్ ఉందిగా. విప్పి కొలుచుకుని, నేను తప్పు చేశానని తేలితే నా మొహాన కొట్టు. కాలరు గురించి అడిగావు. వయసొచ్చినవాళ్ళు వేసుకుంటారని రాశాను, అంతే.

ఇక రాయకు. నాకు పనుంది.

ఆర్లిస్

---

కౌంటీ ఆసుపత్రి, బ్రెక్‌డాల్
జులై 29

ఆర్లిస్‌కి,

ఎడమ చేత్తో రాస్తున్నాను. రెండు రోజుల నుంచి కొంచెం కొంచెంగా రాస్తున్నాను. అక్షరాలు చూసి నవ్వుకో.

విప్పి చూసుకోమన్నావు. నేను విప్పలేదు. మైక్రోమీటర్ తీసి షెడ్డులోకి వెళ్ళాను కూడా. ఇంజన్ ముందు నిలబడి, ఆర్లిస్ చేసినదాన్ని నేను కొలవడమేంటి అనిపించింది. తిరిగి వచ్చేశాను.

శనివారం నాడు రెండో గుద్దుకే నా రేడియేటర్ పోయింది. అది నేను అనుకున్నదే. ఆ తర్వాత మైదానం మధ్యలోకి వచ్చేసరికి ఇంజన్ ఒక్కసారి బిగుసుకుని ఆగిపోయింది. సెల్ఫ్ కొట్టాను. టక్కుమంది, తిరగలేదు. మళ్ళీ కొట్టాను. బ్యాటరీ వైరు ఊడిందేమో అనుకున్నాను. లేకపోతే సెల్ఫ్ మోటారే పోయిందేమో అనుకున్నాను. అన్నీ అనుకున్నాను కానీ నీ ఇంజన్ పట్టేసిందని మాత్రం నాకు తట్టలేదు. నీ చేతి ఇంజన్ అలా ఆగదు కదా. అందుకే కొడుతూనే కూర్చున్నాను. బండి లేపడానికి ప్రయత్నిస్తున్నవాణ్ణి పోటీలోంచి తీసెయ్యకూడదని ఇప్పుడు నియమం. జెండావాడు నన్ను చూసి ఆగాడు. పుల్ల విరవని బండి, కదలని బండి. ఆ కుర్రాళ్ళకి అంతకంటే ఏం కావాలి. ఎర్రబండి కుర్రాడొకడు మైదానం ఆ చివరి నుంచి వచ్చాడు. వాడి తర్వాత ఇంకోడు వెనక నుంచి. రెండోది నాకు తెలియలేదు.

కుడిచేతి మూడు వేళ్ళు లేవు. ఉన్నాయి, కానీ నావి కావు. వచ్చే వారం మెడకి ఆపరేషన్. కాళ్ళు కదులుతున్నాయి, దేవుడి దయ.

నేల్స్ ఇంజన్ విప్పి ఒక పిస్టన్ గుడ్డలో చుట్టి ఇక్కడికి తెచ్చాడు. చుట్టూరా గీరుకుపోయి ఉంది. వాడు ఏదో చెప్పబోయాడు, వద్దన్నాను. నాకు చూడగానే తెలిసింది. నీకు చెయ్యి జారి పొరపాటు జరగడం నేను పుట్టాక చూడలేదు. కాబట్టి ఇది పొరపాటు కాదు.

పదకొండేళ్ళు దాచుకుని దాచుకుని తీర్చుకున్నావు. నీ రేడియేటర్‌కి నా చెయ్యి. ఇక మనకి చెల్లు. రాయకు.

డెల్మార్

---

కెల్సో ఫోర్క్, నెబ్రాస్కా
ఆగస్టు 3

డెల్మార్,

చెల్లు కాదు. నువ్వు రాయొద్దన్నా రాస్తున్నాను.

బిగువుగా చేశాను. కావాలనే చేశాను. లూజుగా చేశానని నీకు అబద్ధం రాశాను. కానీ పగ తీర్చుకోవడానికి చెయ్యలేదు. పగే అయితే నేరుగా వచ్చి నీ బండిని గుద్దేదాన్ని. అంత ధైర్యం నాకుంది.

నీ మెడ సంగతి నాకు తెలుసు. ఎవరు చెప్పారని అడగకు. డాక్టరు వద్దన్నాడనీ, ఇంకో కుదుపు తగిలితే చేతులు పోతాయన్నాడనీ నాకు తెలుసు. అంతా తెలిసి నువ్వు నాకు ఆగని ఇంజన్ కావాలని రాస్తున్నావు. ఆఖరిదాకా మైదానంలో ఉండాలనే కదా అది. నీ మొండితనం నాకు తెలియదా. నీతో మాట్లాడి లాభం లేదనుకున్నాను. ఇంజన్ ఆగితే నువ్వు బయటికి వస్తావనుకున్నాను.

ఆగిన బండినే అందరూ గుద్దుతారని నాకు తెలుసు. నేనూ అలా కూర్చున్నదాన్నే. అది తెలిసి కూడా ఆ ఆలోచన రానివ్వలేదు. నువ్వు పుల్ల విరుస్తావనుకున్నాను. ఎందుకు విరవలేదు? చచ్చిన బండిలో ఎవడైనా అంతసేపు కూర్చుంటాడా? బుద్ధి ఉన్నవాడెవడైనా వెంటనే విరుస్తాడు. నా ఇంజన్ ఆగదని నమ్మి కూర్చున్నానని రాశావు. ఆ మాట నేను చదవలేకపోయాను. దాన్ని నా మీద ఎందుకు వేశావు? నేను పగతో చేశానని తిట్టుకో, పడతాను. నన్ను నమ్మానని రాయకు.

తప్పు నాది. కానీ డాక్టరు వద్దన్నాక బెల్టు పెట్టుకుని కూర్చున్నది నువ్వు.

ఆర్లిస్

---

కౌంటీ ఆసుపత్రి, బ్రెక్‌డాల్
ఆగస్టు 14

ఆర్లిస్‌కి,

ఆపరేషన్ అయింది. తల చుట్టూ ఇనప చట్రం బిగించారు. ఈ ఉత్తరం అట్ట మీద పెట్టుకుని మొహం ముందు పట్టుకుని రాయాలి.

ఎవరు చెప్పారని అడగలేదు. కొరీనే వచ్చి మంచం పక్కన కూర్చుని చెప్పేసింది. దాని మీద నాకు నీ మీద ఉన్నంత కోపం లేదు. పిస్టన్‌కి గ్యాప్ ఎంతుండాలో దానికి తెలియదు. నీకు తెలుసు.

ఎందుకు విరవలేదని అడిగావు కాబట్టి చెబుతాను. ఇది కొరీన్‌కి కూడా ఇప్పటిదాకా చెప్పలేదు.

ఇరవై ఆరేళ్ళు దిగాను. గెలిచాను, ఓడాను. ఏం చేసినా నా బండిని మైదానంలోంచి లోడర్ ట్రాక్టరే గొలుసు కట్టి ఈడ్చుకొచ్చేది. గెలిచిన కప్పు చేతిలో పట్టుకుని గొలుసు వెనక నడిచొచ్చేవాణ్ణి. ఒక్కసారి కూడా నా బండి తనంతట తాను గేటు దాటలేదు. డాక్టరు చెప్పాక ఇక చాలు అని నేనే అనుకున్నాను. ఫిబ్రవరిలోనే అనుకున్నాను. అయితే ఒక్కసారి దిగుతాను, వెనక భాగంతో రెండు గుద్దులు గుద్దుతాను, పుల్ల విరుస్తాను, నడుపుకుంటూ గేటులోంచి బయటికి వచ్చేస్తాను. అక్కడితో సరి. అంతే నా పథకం. రేడియేటర్ మొదట్లోనే పోతుంది, అది అందరికీ తెలుసు. నీళ్ళు లేకుండా ఆ గేటుదాకా, అక్కడ నుంచి మెరక ఎక్కి లారీల దగ్గరదాకా బండి రావాలి. అందుకే ఆరు సిలిండర్లది అడిగాను. అందుకే లూజుగా చెయ్యమన్నాను. గెలుపు గురించి నేను రాయలేదు, మళ్ళీ చదువు అని కూడా రాశాను. నువ్వు చదవలేదు.

రెండు గుద్దులూ గుద్దేశాను. పుల్ల మీద చెయ్యి వేశాను. అప్పుడే ఇంజన్ ఆగింది. అప్పుడు విరిస్తే మళ్ళీ లోడరే వచ్చి ఈడ్చుకుపోతుంది. ఒక్కసారి సెల్ఫ్ అందుకుంటే చాలు, వెంటనే విరిచి వెళ్ళిపోతాను అనుకున్నాను. ఆర్లిస్ ఇంజన్ కదా, అందుకుంటుంది అనుకున్నాను.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. కొరీన్‌కి చెబితే చర్చి వాళ్ళంతా కేకులు చేసుకుని వచ్చి గ్యాలరీలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటారు. నాకది వద్దు. నీకు చెబితే ఏమంటావో నాకు తెలుసు. భయపడ్డావా అంటావు. నీతో ఆ మాట అనిపించుకోవడం కంటే ఊరికే ఇంజన్ అడగడం మేలనుకున్నాను.

నేను బయటికి వచ్చేసేవాణ్ణి ఆర్లిస్.

డెల్మార్

---

కెల్సో ఫోర్క్, నెబ్రాస్కా
ఆగస్టు 19

తమ్ముడూ,

చదివాను. ఈసారి మళ్ళీ మళ్ళీ చదివాను.

అవును, భయపడ్డావా అనేదాన్ని. నవ్వేదాన్ని కూడా. ఆ తర్వాత నువ్వు అడిగినట్టే చేసి పంపేదాన్ని. నాన్న చేసినవాటికంటే లూజుగా చేసేదాన్ని. నువ్వు గేటు దాటేదాకా కాదు, నెబ్రాస్కా దాకా వచ్చేది నీళ్ళు లేకుండా.

నిన్ను ఆ మైదానంలోంచి బయటికి లాగాలని ఇదంతా చేశాను. నువ్వు వస్తూనే ఉన్నావు. నేనే నిన్ను అందులో కూర్చోబెట్టాను. క్షమించమని రాస్తే నువ్వు ఉత్తరం విసిరేస్తావు. నేనైనా అదే చేస్తాను.

షాపుకి తాళం వేశాను. మూడో కోత గడ్డి పొలంలో నిలబడి ఉందని నేల్స్ చెప్పాడు. కొరీన్ ఒక్కతే కట్టిన గడ్డి బేళ్ళు ఎత్తలేదు. నీ ఆవుల పాలు పితికే పని కూడా ఉంది. శనివారం మధ్యాహ్నానికి వస్తాను. మంచు పడేదాకా ఉంటాను, అవసరమైతే ఆ తర్వాత కూడా. నాతో మాట్లాడక్కర్లేదు. నా మొహం చూడక్కర్లేదు. నువ్వు ఇంట్లో ఉంటే నేను కొట్టంలో ఉంటాను. రావద్దని ఫోన్ చేస్తే ఎత్తను.

ఆర్లిస్

---

బ్రెక్‌డాల్, అయోవా
ఆగస్టు 21

అక్కా,

ఇది నీకు అందేసరికి నువ్వు బయల్దేరిపోతావేమో. అందుకని రెండు కాపీలు రాయించాను. ఒకటి పోస్టులో వేస్తున్నాను, ఒకటి నేల్స్ దారిలో నీకు ఎదురొచ్చి ఇస్తాడు.

నన్ను ఇంటికి తెచ్చారు. నీతో ఏం మాట్లాడాలో నాకు ఇంకా తెలియదు. చాలా కాలం తెలియకపోవచ్చు. నా పళ్ళెంలో మాంసం నువ్వు కొయ్యబోతే మాత్రం ఒప్పుకోను, అది కొరీన్ కోస్తుంది.

మేడ మీద కిటికీ ఉన్న గదిలో కొరీన్ నీకు పక్క వేసింది. నేను వద్దనలేదు.

డెల్మార్